టాస్క్ లిస్ట్ రోజూ రాస్తున్నా పనులు ఎందుకు ముగియట్లేదు? ఒక వెబ్ డెవలపర్ అనుభవం నుంచి జవాబు

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ: వెబ్ డెవలపర్‌గా పనిచేస్తున్నారు. పొద్దున్నే టాస్క్ లిస్ట్ రాసుకుంటారు, సాయంత్రానికి సగం కూడా అవదు, మిగిలినవి మర్నాటికి జరుపుతారు. ఏడాది మొదట్లో పెట్టుకున్న ‘రియాక్ట్ (వెబ్ పేజీలు తయారుచేయడానికి వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) పూర్తిగా నేర్చుకోవాలి’, ‘సొంత పోర్ట్‌ఫోలియో సైట్ పెట్టాలి’ అన్న లక్ష్యాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. యాప్‌లు మార్చి చూశారు, ఏం మారలేదు. లోపం నా క్రమశిక్షణలోనే ఉందా అని అడిగారు.

క్రమశిక్షణలో లేదని నా గట్టి నమ్మకం. నేను హైదరాబాద్‌లో ఒక సర్వీస్ కంపెనీలో ఫ్రంటెండ్ పని చేశాను. తర్వాత కాకినాడ వచ్చేసి సొంతంగా క్లయింట్లకు సైట్లు చేస్తున్నాను. ఉద్యోగంలోనూ, సొంత పనిలోనూ నన్ను కుదేలు చేసింది ఒక్కటే: ఒకేసారి సగం సగం చేసి వదిలిన పనులు. లిస్ట్ ఎంత చక్కగా రాశాం, ఏ యాప్‌లో రాశాం అన్నది ఆ తర్వాతి సంగతి. సగంలో ఉన్న పనులు తగ్గకుండా కొత్త లిస్ట్ రాసుకుంటే అది కూడా పాత లిస్ట్‌లాగే తయారవుతుంది.

ముందు మనం రాసే లైన్ల సంగతి చూద్దాం. కిరాణా చీటీలో ‘కందిపప్పు కిలో’ అని రాస్తే అందులో దాగిందేమీ ఉండదు. కొన్నాం, కొట్టేశాం. మన లిస్ట్‌లో ‘కాంటాక్ట్ ఫారం’ అని కూడా అంతే చిన్నగా రాసేస్తాం. కానీ ఆ రెండు మాటల్లో ఎంత పని ఉందో చూడండి. ఫారం తయారుచేసి, బ్రౌజర్‌లో వాలిడేషన్ (నింపిన వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే తనిఖీ) పెట్టడం గంట పని. బ్రౌజర్‌లో పెట్టినదాన్ని ఎవరైనా తప్పించుకోగలరు కాబట్టి సర్వర్ వైపు మళ్లీ వాలిడేషన్ రాయాలి. స్పామ్ రాకుండా ఏదో ఒక ఏర్పాటు చేయాలి. మెయిల్ వెళ్లడానికి ఎస్‌ఎంటీపీ అనే మెయిల్ పంపే ఏర్పాటును సెట్ చేయాలి. అన్నీ అయ్యాక టెస్ట్ మెయిల్ పంపితే అది వెళ్లి క్లయింట్ స్పామ్ ఫోల్డర్‌లో పడుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ తన ఖాతాలకు మెయిల్ పంపేవాళ్లందరికీ ఎస్‌పీఎఫ్ గానీ డీకేఐఎం గానీ ఉండాలని నియమం పెట్టింది. రోజుకు 5,000 మెయిళ్లు, అంతకన్నా ఎక్కువ పంపేవాళ్లయితే ఆ రెండూ ఉండాలి, డీమార్క్ కూడా ఉండాలి. ఇవన్నీ మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని చూపించే రికార్డులు. ఈ రికార్డులు చేర్చాలంటే డొమైన్ లాగిన్ కావాలి. అది క్లయింట్ దగ్గర ఉండదు. ఎప్పుడో డొమైన్ కొనిపెట్టిన ఇంకెవరి దగ్గరో ఉంటుంది. వాళ్లు ఊళ్లో లేరంటారు.

ఇప్పుడు చెప్పండి, ‘కాంటాక్ట్ ఫారం’ అన్న లైన్ వారం గడిచినా మీ లిస్ట్‌లోంచి పోకపోతే అది మీ బద్ధకమా? మీ చేతిలో ఉన్న పని మీరు చేసేశారు. మిగిలింది వేరేవాళ్ల కోసం ఎదురుచూపు. ఆ ఎదురుచూపు కూడా మీ పనిలాగే లిస్ట్‌లో కూర్చుని, చూసినప్పుడల్లా మిమ్మల్ని తప్పు పడుతున్నట్టు అనిపిస్తుంది. నా అనుభవంలో చాలామంది డెవలపర్ల లిస్ట్‌లలో పెద్ద భాగం ఇలాంటివే: కంటెంట్ రావాలి, లోగో రావాలి, ఏపీఐ కీ (వేరే సర్వీస్‌ను వాడుకోవడానికి ఇచ్చే కోడ్) రావాలి, పేమెంట్ గేట్‌వే కేవైసీ పూర్తవ్వాలి, పుల్ రిక్వెస్ట్‌ను (రాసిన కోడ్‌ను అసలు కోడ్‌లో కలపమని పెట్టే అభ్యర్థనను) ఎవరో రివ్యూ చేయాలి.

అందుకని నేను ఎదురుచూసే వాటిని వేరే పేజీలోకి మార్చేస్తాను. అందులో ప్రతి లైన్‌కీ మూడు సంగతులు రాస్తాను: ఎవరి దగ్గర ఆగింది, ఎప్పుడు అడిగాను, మళ్లీ ఎప్పుడు అడగాలి. రోజూ భోజనం అయ్యాక ఒకసారి ఆ పేజీ చూసి, గుర్తుచేయాల్సిన వాళ్లకు వాట్సాప్ మెసేజ్ పెట్టేస్తాను. ఆ తర్వాత దాని ఊసే ఎత్తను. ఈ ఒక్క మార్పుతోనే అసలు లిస్ట్ సగానికి తగ్గిపోయింది. ఇక అసలు లిస్ట్‌లో మిగిలినవాటిని వస్తువు పేరుతో కాకుండా చేసే పనిగా రాస్తాను. ‘కాంటాక్ట్ ఫారం’ కాదు, ‘ఫారం సబ్మిట్ చేశాక వచ్చే ఎర్రర్ మెసేజ్‌లు తెలుగులో పెట్టాలి’. అలా రాస్తే ల్యాప్‌టాప్ ముందు కూర్చోగానే చెయ్యి ఎక్కడికి వెళ్లాలో తెలుస్తుంది.

సగంలో ఉన్న పని మనసును ఎలా లాగుతుందో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో పరిశీలిస్తున్నారు. ముగించిన పనుల కన్నా మధ్యలో ఆపేసిన పనులే మనుషులకు ఎక్కువగా గుర్తుంటాయని బ్లూమా జైగార్నిక్ 1927లో ప్రకటించారు. తర్వాత చేసిన ప్రయోగాలన్నింటిలోనూ ఆ ఫలితం రాలేదు. కానీ 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు చేసిన పరిశోధన మనకు నేరుగా పనికొస్తుంది. పూర్తికాని లక్ష్యం మనసులో మెదులుతూ చేస్తున్న వేరే పనిని పాడుచేస్తుందని, దాన్ని ఎలా చేయాలో స్పష్టంగా ప్లాన్ రాసుకుంటే చాలు, పని ఇంకా మొదలుపెట్టకపోయినా ఆ అడ్డంకి తగ్గిపోతుందని వాళ్లు చూపించారు. రాత్రి పడుకున్నాక ‘ఆ బగ్ ఏమైంది’ అని గుర్తొచ్చి నిద్ర పట్టని వాళ్లకు ఇది చిన్న విషయం కాదు. నేను సాయంత్రం పని ఆపేముందు ఎక్కడ ఆపాను, రేపు మొదట ఏ ఫైల్ తెరవాలి అన్నది కోడ్‌లోనే ఒక కామెంట్‌గా రాసి పెడతాను. టెన్షన్ తగ్గింది. మర్నాడు పొద్దున్న గుర్తుచేసుకోవడానికి పట్టే సమయమూ తగ్గింది.

అసలు విషయానికి వస్తాను. క్యూల లెక్కల్లో లిటిల్స్ లా అని ఒకటుంది. జాన్ లిటిల్ 1961లో దానికి గణిత నిరూపణ ఇచ్చారు. మన భాషలో చెప్పాలంటే: ఒక పనికి సగటున పట్టే కాలం = చేతిలో ఉన్న పనులను, మీరు పూర్తిచేసే వేగంతో భాగిస్తే వచ్చేది. మీరు వారానికి సగటున 3 పనులు ముగిస్తారనుకుందాం. చేతిలో 12 పనులు తెరిచి ఉంటే ఒక్కోటీ ముగియడానికి సగటున 4 వారాలు పడుతుంది. 3 మాత్రమే తెరిచి ఉంటే వారంలో అయిపోతుంది. మీరు వేగం పెంచలేదు, ఎక్కువ గంటలు కూర్చోలేదు. తెరిచిన పనులను తగ్గించారు, అంతే. పనులను దశలవారీగా కాలమ్‌లలో చూపించే కాన్‌బాన్ బోర్డులో ‘ఇన్ ప్రోగ్రెస్’ కాలమ్‌కు ఒక పరిమితి పెట్టేది ఇందుకే. చాలా టీమ్‌లు ఆ బోర్డును వాడతాయి గానీ పరిమితిని వదిలేస్తాయి. బోర్డులో అసలు విలువ ఆ పరిమితిలోనే ఉందని నా అభిప్రాయం.

నాకు కుదిరిన సంఖ్య రెండు. ఒక పెద్ద పని, ఒక చిన్న పని. పెద్దది బిల్డ్ అవుతున్నప్పుడో, తల వేడెక్కినప్పుడో చిన్నదాని దగ్గరికి వెళ్తాను. మూడోది తెరవాలంటే ఆ రెండింట్లో ఒకటి ముగియాలి, లేదా ఎదురుచూపు పేజీలోకి వెళ్లాలి. ‘ముగిసింది’ అంటే నా మెషిన్‌లో పనిచేయడం కాదు, లైవ్‌లోకి వెళ్లి, ఫోన్‌లో తెరిచి చూసుకోవడం. ఇక్కడ నిక్కచ్చిగా ఉండండి. ‘దాదాపు అయిపోయింది’ అనుకున్న పనులే లిస్ట్‌ను నింపేస్తాయి.

సమయం అంచనాల గురించి కూడా ఒక మాట. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో దీనికి ‘ప్లానింగ్ ఫాలసీ’ అని పేరు పెట్టారు. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ యూనివర్సిటీ విద్యార్థులను థీసిస్ ఎన్నాళ్లలో ముగిస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ వికటిస్తే ఎన్నాళ్లు అంటే 49 అన్నారు. నిజంగా పట్టినవి 55 రోజులకు పైనే. అంటే అన్నీ వికటిస్తాయని ఊహించుకుని చెప్పిన అంచనా కూడా తక్కువే అయింది. కాబట్టి పొద్దున రాసిన లిస్ట్ సాయంత్రానికి మిగలడం మీ ఒక్కరి లోపం కాదు, మనుషులందరి అంచనాలూ అలాగే ఉంటాయి. దీనికి విరుగుడు ఊహించడం మానేసి పాత లెక్క చూడటం. పని పక్కన అనుకున్న గంటలు, పట్టిన గంటలు రెండూ రాయండి. కొన్ని వారాలయ్యేసరికి మీదైన లెక్క ఒకటి దొరుకుతుంది. పేమెంట్ గేట్‌వేకు సంబంధించిన పని ఏదైనా నాకు అనుకున్నదానికి రెండింతలు పడుతుంది. ఇప్పుడు కొటేషన్ కూడా అలాగే ఇస్తాను.

ఇక లక్ష్యాలు. ‘రియాక్ట్ పూర్తిగా నేర్చుకోవాలి’ అన్నారు. రియాక్ట్ 2013లో బయటికొచ్చింది. 2019లో 16.8 వెర్షన్‌తో హుక్స్ అనే కొత్త రాత పద్ధతి వచ్చి, అప్పటిదాకా కాంపోనెంట్లను (పేజీలోని ముక్కలను) క్లాస్‌లుగా రాసినవాళ్ల పద్ధతే మారిపోయింది. ఇప్పుడు సర్వర్‌లోనే తయారయ్యే సర్వర్ కాంపోనెంట్లు వచ్చాయి. ‘పూర్తిగా’ అన్న చోటు అసలు లేదు, అది జరుగుతూనే ఉంటుంది. ఎప్పటికీ చేరుకోలేని చోటును లక్ష్యంగా పెట్టుకుని, చేరలేదని మనల్ని మనం తిట్టుకోవడం అన్యాయం. అమీర్‌పేట గోడల మీద ఉండే కోర్సుల పోస్టర్లు చూసీ, లింక్డ్‌ఇన్‌లో స్నేహితుల పోస్టులు చూసీ మనం లక్ష్యాలు పెట్టుకుంటున్నాం. నా మనసుకు కష్టంగా ఉండేది అదే. ఎంతో కష్టపడే పిల్లలు కూడా ‘నేను వెనకబడ్డాను’ అని కుంగిపోతున్నారు.

లక్ష్యాల మీద ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ దశాబ్దాలపాటు పనిచేశారు. ‘నా శాయశక్తులా చేస్తాను’ అనుకోవడం కన్నా స్పష్టమైన, కాస్త కష్టమైన లక్ష్యం మెరుగైన ఫలితం ఇస్తుందన్నది వాళ్ల ముఖ్యమైన మాట. అందరూ దీన్నే చెబుతారు. దానికి ఒక మినహాయింపు ఉంది, అది మన వృత్తికి చాలా ముఖ్యం. పని కొత్తదీ, చిక్కుగా ఉండేదీ అయితే ఫలితం మీద లక్ష్యం పెట్టుకోవడం కన్నా, ఏం నేర్చుకోవాలన్న దాని మీద పెట్టుకోవడమే మేలని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. కాబట్టి రెంటినీ విడదీయండి.

బాగా తెలిసిన పనికి కొలత ఉన్న లక్ష్యం పెట్టండి. ‘సైట్ స్పీడ్ పెంచాలి’ అన్నది ఎప్పటికీ ముగియదు. ‘మొబైల్‌లో ఎల్‌సీపీ (పేజీలో కనిపించే పెద్ద భాగం తెర మీదికి రావడానికి పట్టే సమయం) 2.5 సెకన్ల లోపు రావాలి’ అన్నది ముగుస్తుంది. గూగుల్ చెప్పే కొలత ప్రకారం నూటికి 75 విజిట్లలో అలా రావాలి. అది పెట్టుకోగానే ఏం చేయాలో కూడా దానంతటదే బయటపడుతుంది: పైన ఉండే పెద్ద బ్యానర్ ఇమేజ్ బరువు తగ్గించడం, దానికి ఎవరైనా లేజీ లోడింగ్ (ఇమేజ్‌ను ఆలస్యంగా, అవసరమైనప్పుడే లోడ్ చేసే ఏర్పాటు) పెట్టి ఉంటే తీసేయడం, ఫాంట్ ఫైళ్లు తగ్గించడం. కొత్తగా నేర్చుకునే దానికైతే ‘ఒక సెర్చ్ బాక్స్‌లో వేగంగా టైప్ చేసినప్పుడు పాత రిక్వెస్ట్ జవాబు ఆలస్యంగా వచ్చి కొత్త ఫలితాన్ని ఎందుకు చెరిపేస్తుందో, దాన్ని ఎలా ఆపాలో నేను ఇంకొకరికి వివరించగలగాలి’ అని రాసుకోండి. ఇది రియాక్ట్‌లో ఒక చిన్న మూల. అలాంటి మూలలు కొన్ని తెలిస్తే ఇంటర్వ్యూలో తడబడరు.

దానికి సమయం ఎక్కడిది అంటారు. అమెరికా క్లయింట్ ఉంటే మన రాత్రి తొమ్మిదిన్నర న్యూయార్క్‌లో మధ్యాహ్నం పన్నెండు. నవంబర్‌లో వాళ్లు గడియారం మార్చగానే మన కాల్ ఇంకో గంట ఆలస్యమై పదిన్నరకు వెళ్తుంది. రాత్రి కాల్స్ అయ్యాక చదువుకుందామనుకోవడం నాకెప్పుడూ కుదరలేదు. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన ఒక పద్ధతి నాకు కలిసొచ్చింది. ‘ఫలానా అప్పుడు ఫలానా పని’ అని ముందే ముడిపెట్టుకోవడం. 2006లో ఆయన, షీరన్ కలిసి 94 వేర్వేరు పరీక్షల ఫలితాలను కలిపి చూస్తే, ఇలా ముడిపెట్టుకున్నవాళ్లు లక్ష్యాన్ని చేరడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించింది. నా ముడి ఇదీ: ‘పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టగానే, మెయిల్ తెరవకముందే, నేర్చుకుంటున్న ప్రాజెక్ట్ ఫోల్డర్ తెరుస్తాను.’ ఇరవై నిమిషాలైనా సరే.

ఏ యాప్ మంచిదని కూడా అడిగారు. నేను రోజు పనికి రూళ్ల నోట్‌బుక్, క్లయింట్లతో పంచుకోవడానికి గూగుల్ షీట్ వాడతాను. మీకు అలవాటైనదేదో అదే ఉంచుకోండి.

ఇంకొక్కటి, ఇది ఉద్యోగంలో ఉన్నవాళ్లకు. కొన్నిసార్లు లిస్ట్‌లో ఏ లోపమూ ఉండదు, నిజంగానే ఒక మనిషి చేయగలిగినదానికన్నా ఎక్కువ పని నెత్తిన వేస్తారు. అప్పుడు ఇంట్లో కూర్చుని ప్రొడక్టివిటీ వీడియోలు చూస్తే ఆరోగ్యం పాడవుతుంది గానీ పని తరగదు. పాత గంటల లెక్క మీ దగ్గర ఉంటే అప్పుడు పనికొస్తుంది. నేను ఆ కాగితం పట్టుకుని మా లీడ్ దగ్గరికి వెళ్లి, ‘అండీ, ఈ వారం నా మీద ఉన్నవి ఇవి. ఇంతకుముందు ఇలాంటి వాటికి పట్టిన గంటలు ఇవి. వారంలో ఉన్న గంటల్లో ఇవన్నీ పట్టవు. ఏవి ముందు కావాలో మీరు చెప్పండి, మిగతావి వచ్చే స్ప్రింట్‌లో (తర్వాతి పని విడతలో) పెడదాం’ అన్నాను. చేయలేనని అనలేదు, ఎంచుకోమని అడిగాను. ఆవిడ కాసేపు చూసి రెండు టికెట్లు పక్కన పెట్టేశారు, ఒకటి ఇంకొకరికి ఇచ్చారు. ఆ తర్వాత ప్రతి సోమవారం ఆవిడే ఆ కాగితం తెమ్మని అడిగేవారు.