పాప పియానో కోసం బంగారం కుదువ పెట్టాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. మా పాపకు తొమ్మిదేళ్లు. రెండేళ్లుగా 61 కీల కీబోర్డు మీద నేర్చుకుంటోంది. ఇక పియానో కావాలని టీచర్ అంటున్నారు. షాపులో కొత్త అప్‌రైట్ పియానో 4.6 లక్షలు చెప్పారు, 18 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉందట. ఊరు మారుతున్న ఒక కుటుంబం 1980ల నాటి జపాన్ పియానో 2.2 లక్షలకు ఇస్తామంటోంది. రెండు నెలల్లో వాళ్లు ఇల్లు ఖాళీ చేస్తారు. మా ఇద్దరి జీతాలు కలిపి 1.2 లక్షలు. ఇంటి లోన్ ఈఎంఐ 31 వేలు, స్కూలు ఫీజుతో కలిపి ఇంటి ఖర్చు 52 వేలు, సిప్ 10 వేలు, సుకన్య ఖాతాకు 7 వేలు. ఎఫ్‌డీ 5 లక్షలు, సేవింగ్స్‌లో 1.4 లక్షలు ఉన్నాయి. పియానో విలువ ఎక్కడికీ పోదు, నీ బంగారం కుదువ పెట్టి కొత్తదే కొందామని మా వారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: కొత్తది వద్దు. పాతదాన్ని ముందు ఒక ట్యూనర్‌కు, అంటే పియానోలు శ్రుతి చేసే మనిషికి చూపించండి. ఆయన బాగుందంటే, 1.65 లక్షల లోపు వస్తే తీసుకోండి. ధర కుదరకపోయినా, ట్యూనర్ వద్దన్నా 88 కీల డిజిటల్ పియానోకు వెళ్లండి. బంగారం బీరువాలోనే ఉండనివ్వండి.

1.65 లక్షలే ఎందుకో చెబుతాను. మీ ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి నెలకు 83 వేలు. ఆరు నెలలకు 4.98 లక్షలు. అంటే మీ ఎఫ్‌డీ మొత్తం రేపు ఒకరి ఉద్యోగం పోతే ఇల్లు నడవడానికి ఉన్న డబ్బు. పియానో కోసం దాని వైపు చూడకండి. ఇక సేవింగ్స్‌లో 1.4 లక్షలు ఉన్నాయి. అన్నీ పోను నెలకు 20 వేలు మిగులుతున్నాయి కాబట్టి రెండు నెలలకు 40 వేలు. ఆ రెండు నెలలు సిప్ ఆపితే ఇంకో 20 వేలు. సిప్ ఆపమని నేను ఎవరికీ తేలిగ్గా చెప్పను, కానీ రెండు నెలలకు నష్టం పెద్దగా ఉండదు. సుకన్య మాత్రం ఆపొద్దు. మొత్తం 2 లక్షలు అవుతుంది. అందులో 35 వేలు పక్కన పెట్టుకోవాలి. అప్‌రైట్ పియానో 200 కిలోలకు పైనే ఉంటుంది. లిఫ్ట్ లేని రెండో అంతస్తుకు దాన్ని ఎక్కించాలంటే అలవాటున్న మనుషులు కావాలి. ట్యూనర్ ఫీజు, ఆయన వేరే ఊరి నుంచి వస్తే దారి ఖర్చులు, ఇంటికి వచ్చాక ట్యూనింగ్, చిన్న రిపేర్లు అన్నీ ఇందులోనే సర్దుకోవాలి.

2.2 అన్నవాళ్లు 1.65కు ఇస్తారా అని మీకు సందేహం రావచ్చు. ఊరు మారేవాళ్లకు పియానోని వెంట తీసుకెళ్లడం పెద్ద ఖర్చు. కొనేవాళ్లేమో వీధికొకరు ఉండరు. గౌరవంగానే అడగండి, తొందరపడకండి. ఇల్లు ఖాళీ చేసే రోజు దగ్గరపడే కొద్దీ ధర దిగే అవకాశం ఉంది.

కొత్తదాని లెక్క చూడండి. 4.6 లక్షలను 18 నెలలకు పంచితే నెలకు 25,500 పైమాట. మీకు మిగిలేదే 20 వేలు. నో కాస్ట్ అనే మాటను కూడా నమ్మకండి. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. ఆ వడ్డీ ధరలోనో, మీకు రావాల్సిన డిస్కౌంట్‌లోనో కలిసిపోయి ఉంటుంది. మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారని అడిగి చూడండి, తేడా తెలుస్తుంది. సేవింగ్స్‌లోని 1.4 లక్షలు పెట్టి, మిగతా 3.2 లక్షలు బంగారం మీద తీసుకుంటే, వడ్డీ 10 శాతమే అనుకున్నా ఏడాదికి 32 వేలు వడ్డీకే పోతాయి.

విలువ పోదన్న మీ వారి మాట గురించి. పియానో స్థలం కాదు, బంగారమూ కాదు. కొత్తది మీ ఇంటికి చేరిన రోజే సెకండ్ హ్యాండ్ అవుతుంది. ఆ మొదటి పెద్ద నష్టం మీరు చూసిన పాత పియానో విషయంలో ఎప్పుడో ఎవరో భరించేశారు. మన ఊళ్లలో ఇంకో సంగతి ఉంది. ఏడో ఎనిమిదో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్ మొదలవగానే ముందు ఆగేది సంగీతం క్లాసే. మీ పాప విషయంలో అలా జరగకూడదని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. జరిగినా, బాగా చూసుకున్న పాత పియానోని అమ్మితే పోయేది కొంచెమే.

ఇక ట్యూనర్ సంగతి. దయచేసి దీన్ని మాత్రం దాటవేయకండి. మా అబ్బాయి కోసం నేను పైన పాలిష్ చూసి, మోగించి చూసి, ఎవరికీ చూపించకుండా ఒక పియానో కొన్నాను. ట్యూన్ చేయించిన పది రోజులకే శ్రుతి జారిపోయింది. మళ్లీ చేయించినా అంతే. విప్పి చూస్తే ట్యూనింగ్ పిన్నులు దిగి ఉండే చెక్క దిమ్మ పగిలి ఉంది. బాగుచేయడానికి కొన్న ధర కంటే ఎక్కువ అడిగారు. కూర్చుని వాయించాలన్న వాడి ఉత్సాహం ఆ ఆరు నెలల్లో సగం చల్లారింది. డబ్బు కంటే అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

వీణకు ఏడు తీగలు, బిరడలు తిప్పి మనమే శ్రుతి చేసుకుంటాం. పియానోకి సుమారు 230 తీగలుంటాయి. వాటన్నిటి లాగుడు కలిపితే టన్నుల్లో ఉంటుంది. పిన్నులు ఆ దిమ్మలో గట్టిగా నిలబడకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. ట్యూనర్ మొదట చూడాల్సింది అదే. తర్వాత వెనక ఉన్న సౌండ్‌బోర్డు (తీగల మోతను పెంచే చెక్క పలక) పగుళ్లు, తీగలను కొట్టే సుత్తుల మీద ఫెల్ట్ ఎంత అరిగిందో చూడాలి. ఇక మీది సముద్రపు ఊరు. పై మూత తీయించి టార్చి వేసి తీగల తుప్పు మీరే చూడొచ్చు. కింది పలక తీయించి చెద, ఎలుకల జాడ చూడండి. 88 కీలూ ఒక్కొక్కటిగా మెల్లగా నొక్కండి, తేమకు ఉబ్బినవి పైకి రాకుండా ఆగిపోతాయి. చివరిసారి ఎప్పుడు ట్యూన్ చేయించారో అడగండి. లోపల ఇనుప చట్రం దగ్గర సీరియల్ నంబరు ఉంటుంది, దాన్నిబట్టి ఏ సంవత్సరానిదో ట్యూనర్ చెప్పగలరు.

ఇంటికి వచ్చాక రెండు మూడు వారాలు మీ గది గాలికి అలవాటు పడనిచ్చి, ఆ తర్వాతే ట్యూన్ చేయించండి. ఎండ పడే కిటికీ పక్కన, ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టొద్దు. ఏటా రెండుసార్లు ట్యూనింగ్ ఉంటుంది కాబట్టి దానికోసం నెలకు వెయ్యి రూపాయలు వేరుగా వేసుకోండి.

డిజిటల్‌కు వెళ్లాల్సి వస్తే చిన్నబుచ్చుకోకండి. నొక్కితే బరువు తెలిసే వెయిటెడ్ కీలు ఉన్నదే తీసుకోండి. తేలికైన కీలైతే వేళ్లకు ఇప్పటి కీబోర్డు అలవాటే ఉండిపోతుంది. దానికి ట్యూనింగ్ అక్కర్లేదు, రాత్రిళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సాధన చేసుకోవచ్చు. చేతిలో ఉన్న 1.4 లక్షల్లోనే కొని, మిగిలిన దానికి నెలనెలా 8 వేలు ఆర్‌డీలో కలుపుతూ రండి. రెండేళ్లకు అసలే 1.92 లక్షలు అవుతుంది. పాపకు అప్పటికి పదకొండేళ్లు. అప్పుడు ఇంకో పాత పియానో చూడొచ్చు.

అడ్వాన్స్ ఇచ్చే ముందు పాపను ఒకసారి వాళ్లింటికి తీసుకెళ్లండి. వీలైతే టీచర్‌ని కూడా రమ్మనండి. తను నేర్చుకున్న పాటేదో ఒక పావుగంట దాని మీద వాయించనివ్వండి. ఆ తర్వాతే ధర మాట్లాడండి.