పరిహారంలో వకీలుకు వాటానా?

ప్రశ్న: ఉప్పల్‌లో లారీ గుద్ది ఆటో నడిపే మా బావగారి కుడికాలు తీసేశారు. వకీలు పరిహారంలో ఇరవై శాతం అడుగుతున్నారు. ఇవ్వాలా సార్?
– ఓ సోదరి, రామంతాపూర్

జవాబు: వద్దమ్మా. అమెరికాలో అది మామూలే గానీ ఇక్కడ వచ్చే డబ్బులో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారమే తప్పు, ఫీజు ఎంతో ముందే తేల్చుకోండి. ముప్పై ఏళ్లుగా యాక్సిడెంట్ కేసులే వాదిస్తున్నాను, నా టెన్షనంతా వేరే. సర్టిఫికెట్‌లో వైకల్యం 60 శాతం అని రాస్తే ఇన్సూరెన్స్ వాళ్లు సంపాదనలోనూ అరవై శాతమే పోయిందంటారు, మరి బ్రేక్ తొక్కే కాలే లేకపోతే ఆటో ఎలా నడుపుతాడు? చేసే పనిని బట్టి నష్టం లెక్కగట్టాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన లైసెన్సు, ఆటో కిస్తీల రసీదులు జాగ్రత్తగా దాచండి.