దరఖాస్తు వేయడం వేరు, దారి చెప్పడం వేరు

మేధోసంపత్తి (ఐపీ) సలహా రంగంలో ఉద్యోగాల గురించి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: ఎం.ఫార్మసీ చేసి మూడేళ్లుగా ఫార్ములేషన్ ఆర్ అండ్ డీలో ఉన్నాను. మా కంపెనీలోనే ఐపీ విభాగానికి మారాలని ఉంది. ఏ కోర్సు చేయాలి? ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

కోర్సు సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం దూరవిద్యలో నడిపే పేటెంట్ చట్టం పీజీ డిప్లొమా గానీ, ప్రపంచ మేధోసంపత్తి సంస్థ వైపో అకాడమీ ఉచితంగా పెట్టే డీఎల్-101 కోర్సు గానీ చేయండి. పరిభాష పట్టుబడుతుంది. అంతకుమించి ఆశించకండి. ఐపీ విభాగం చూసేది మీకు క్లెయిమ్, అంటే పేటెంటు హక్కు హద్దులు చెప్పే వాక్యం, చదవడం వచ్చా లేదా అని. అక్కడ మీ మూడేళ్ల ల్యాబ్ అనుభవమే పెట్టుబడి.

ఇంటర్వ్యూలో ఓ పేటెంటూ, ఓ ఫార్ములా చేతిలో పెట్టి ‘ఇది మనకు అడ్డొస్తుందా?’ అని అడగడం మామూలు. క్లెయిమ్ ఇలా ఉందనుకోండి: మందు, బరువులో 5 నుంచి 10 శాతం హైప్రోమెలోజ్, మాత్ర అచ్చుకు అంటకుండా లూబ్రికెంటుగా 0.5 నుంచి 2 శాతం మెగ్నీషియం స్టియరేట్ ఉన్న మాత్ర. మీ మాత్రలో హైప్రోమెలోజ్ 12 శాతం, లూబ్రికెంటు సోడియం స్టియరిల్ ఫ్యూమరేట్. కాగితం మీద నాలుగు గళ్లు గీయండి. క్లెయిమ్‌లోని అంశం, మన మాత్రలో ఉన్నది, అక్షరాలా సరిపోతుందా, సరిపోకపోయినా ‘సమానమే’ అని ఎదుటివాళ్లు వాదించే వీలుందా. ఒక్క అంశం తప్పినా అక్షరాలా ఉల్లంఘన లేనట్టే. చాలామంది ఇక్కడే ‘అడ్డు లేదు’ అని రాసి లేచిపోతారు. నాలుగో గడి ఖాళీగా ఉంటే పని సగమే అయినట్టు.

అమెరికాలో 12 శాతం కూడా 10 శాతంతో సమానమేనని పేటెంట్‌దారు వాదించవచ్చు. కాబట్టి ఆ పేటెంట్ ఫైలు చరిత్ర, అంటే మంజూరుకు ముందు పేటెంట్ ఆఫీసుతో నడిచిన ఉత్తరాలు, తెరవండి. మొదట 5 నుంచి 20 అని అడిగి, ఎగ్జామినర్ ఏదో పాత పేపరు చూపించి అడ్డుపెడితే 10కి దిగివచ్చారా? అలాగైతే వదులుకున్న జాగా మళ్లీ మాదే అనడం వాళ్లకు చాలా కష్టం. మొదటినుంచీ 10 అనే ఉంటే మాత్రం మీ ధీమా కాస్త తగ్గాలి. అంకె ముందు ‘అబౌట్’ అన్న చిన్న మాట ఉంటే ఇంకాస్త తగ్గాలి. రెండో తేడా అయిన లూబ్రికెంటుకూ ఇదే తతంగం. అలాగే క్లెయిమ్‌లో ‘కంప్రైజింగ్’ అని ఉంటే ఆ జాబితా తెరిచే ఉందని అర్థం. అదనంగా ఇంకోటి కలిపాం కదా, బయటపడ్డాం అనుకోకూడదు. ‘కన్సిస్టింగ్ ఆఫ్’ అని ఉంటే తలుపు మూసినట్టే.

ఇంకో పొరపాటు, దరఖాస్తు ప్రచురణలోని క్లెయిమ్ చదివి తీర్పు చెప్పేయడం. అమెరికా పేటెంటు నంబరు చివర ‘ఏ’ ఉంటే దరఖాస్తు, ‘బీ’ ఉంటే మంజూరైనది. లెక్కలోకి వచ్చేది రెండోదే. ఇక ఆరెంజ్ బుక్, అంటే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వేసే మందుల, పేటెంట్ల జాబితా, ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి. అందులో తయారీ పద్ధతి మీద ఉండే ప్రాసెస్ పేటెంట్లు ఉండవు. ముడిమందు తయారుచేసే కంపెనీ కొంప మునిగేది తరచుగా వాటితోనే.

క్లెయిమ్ తర్వాత క్యాలెండరు. పేరాగ్రాఫ్ ఫోర్ కింద, అంటే పేటెంటు చెల్లదనో మాకు అడ్డురాదనో ప్రకటించి, పేటెంటును సవాలు చేస్తూ అమెరికాలో జెనరిక్ దరఖాస్తు వేస్తే, ఎఫ్‌డీఏ దాన్ని స్వీకరించినట్టు లేఖ పంపిన 20 రోజుల్లో పేటెంట్‌దారుకు నోటీసు వెళ్లాలి. వాళ్లు 45 రోజుల్లో దావా వేస్తే అనుమతి 30 నెలల వరకు ఆగుతుంది. మొదట వేసినవారికి 180 రోజులు ఇతర జెనరిక్‌ల పోటీ ఉండదు. 2001లో ఫ్లూయాక్సిటిన్ 40 మిల్లీగ్రాముల మీద డాక్టర్ రెడ్డీస్ గెలుచుకున్నది ఈ 180 రోజులే. భారతీయ కంపెనీల్లో అదే మొదటిది. కొత్త అణువు అయితే ఈ సవాలు అసలు మందుకు అనుమతి వచ్చిన నాలుగేళ్ల నాటి నుంచే వేయవచ్చు. ఆ తేదీనుంచి వెనక్కి లెక్కపెట్టి బ్యాచ్‌లు, స్టెబిలిటీ, బయోఈక్వివలెన్స్ పరీక్షలు ఎప్పుడు మొదలవ్వాలో చెప్పగలిగితే, మిమ్మల్ని ఐపీ విభాగమే పిలుస్తుంది.

ప్రశ్న: బీటెక్ మెకానికల్. అయిదేళ్లుగా ఒక కేపీవోలో (నాలెడ్జ్ ఔట్‌సోర్సింగ్ కంపెనీ) పేటెంట్ సెర్చ్ చేస్తున్నాను. ‘స్ట్రాటజీ’లోకి వెళ్లాలంటే ఎంబీఏ చేయమంటున్నారు. నిజంగా అవసరమా?
– ఒక పాఠకుడు, విజయవాడ

అవసరం లేదు. మీ రిపోర్టు 80 రిఫరెన్సుల ఎక్సెల్ షీటుతో ముగుస్తోందా, ‘కాబట్టి ఇది చేయండి’ అన్న వాక్యంతో ముగుస్తోందా? సెర్చ్‌కీ స్ట్రాటజీకీ మధ్య తేడా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. అది రాయాలంటే క్లయింటు ముందున్న దారులన్నీ తెలియాలి.

హైదరాబాద్ కంపెనీ నాట్కో సంగతే చూడండి. కేన్సర్ మందు సొరాఫెనిబ్ మీద బేయర్‌కు 2008 మార్చిలో ఇక్కడ పేటెంటు వచ్చింది. అడ్డున్నప్పుడు చేయగలిగినవి ఏమిటి? గడువు తీరేదాకా ఆగడం, పేటెంటు చెల్లదని పోరాడడం, పక్కనుంచి వేరే డిజైను చేసుకోవడం, లైసెన్సు అడగడం. నాట్కో ముందు లైసెన్సు అడిగింది. కుదరలేదు. మన పేటెంట్ల చట్టం 84వ సెక్షన్ కింద నిర్బంధ లైసెన్సు, అంటే పేటెంట్‌దారు ఒప్పుకోకపోయినా ఇప్పించే లైసెన్సు, కావాలంటే పేటెంటు మంజూరై మూడేళ్లు దాటాలి. అది దాటాక 2011 జులైలో దరఖాస్తు పెట్టింది. 2012 మార్చిలో లైసెన్సు వచ్చింది. నెలకు 2 లక్షల 80 వేలు దాటిన మందును, నెలకు సరిపడే 120 మాత్రలు 8,880 రూపాయలకు అమ్మాలనీ, 6 శాతం రాయల్టీ కట్టాలనీ షరతు. రాయల్టీని తర్వాత 7 శాతం చేశారు. ఇక్కడ ప్రయర్ ఆర్ట్ సెర్చ్, అంటే అంతకుముందే ఉన్న ఆవిష్కరణల వెతుకులాట, కంటే ఎక్కువ పనిచేసినవి మూడు వివరాలు: మూడేళ్ల గడువు, ముందుగా లైసెన్సు అడిగినట్టు కాగితం, దేశంలో మందు ఎంతమందికి అందుతోందన్న లెక్క. చివరిది పేటెంట్ డేటాబేసులో దొరకదు. ఆ వెతుకులాట కూడా మీదే.

రేపటినుంచే మీ ప్రతి రిపోర్టు పైన ఒక పేజీ చేర్చండి. క్లయింటు తీసుకోవాల్సిన నిర్ణయం ఏమిటి, మూడు దారులు, ఒక్కోదానికి ఖర్చు, గడువు, తప్పితే ఏం పోతుంది. మీ టీమ్ లీడ్ దాన్ని పంపకపోయినా సరే, ఆ పేజీలే మీ పోర్ట్‌ఫోలియో. క్లయింటు పేరు, ఉత్పత్తి వివరాలు తీసేసి మాత్రమే బయట చూపించండి. లేకపోతే ఉద్యోగం ఊడుతుంది, కేసు కూడా పడొచ్చు.

ఆ పేజీలో రెండు హెచ్చరికలు తప్పకుండా ఉండాలి. దాఖలైన 18 నెలల దాకా దరఖాస్తులు సాధారణంగా ప్రచురణ కావు కాబట్టి, ఎంత బాగా వెతికినా ఆ మేరకు చీకటే. అలాగే ఫీజు కట్టక రద్దయిన భారతీయ పేటెంటును 18 నెలల్లోగా పునరుద్ధరించుకునే అవకాశం ఉంది. ‘ల్యాప్స్‌డ్’ అని చూసి అచ్చు పోయించుకున్నాక అది లేచి కూర్చుంటే, క్లయింటు మొదట ఫోను చేసేది మీకే.

పేటెంట్ ఆఫీసులో క్లయింట్ల తరఫున పనిచేయడానికి వీలిచ్చే పేటెంట్ ఏజెంట్ పరీక్ష మాత్రం రాయండి. సైన్సు లేదా ఇంజినీరింగ్ డిగ్రీ, 21 ఏళ్లు ఉంటే చాలు. రెండు రాతపేపర్లు, తర్వాత మౌఖికం. ఒక్కో రాతపేపరులో 50, మొత్తం మీద 60 శాతం రావాలి. ఏటా పెట్టరు. 2018 తర్వాత మళ్లీ 2023లోనే జరిగింది. కాబట్టి నోటిఫికేషన్ వచ్చాక చదువుదాంలే అనుకోవద్దు. మునిగేది ఎక్కువగా పేటెంట్ పత్రం రాయాల్సిన డ్రాఫ్టింగ్ పేపరులో. రోజుకో వస్తువు తీసుకుని, ప్రెషర్ కుక్కర్ విజిలైనా సరే, ఇంకో క్లెయిమ్ మీద ఆధారపడని ఒక ఇండిపెండెంట్ క్లెయిమ్ చేత్తో రాయండి.

ప్రశ్న: బీఏ తర్వాత ఎల్‌ఎల్‌బీ చదువుతున్నాను. నాకు ఈ రంగంలో చోటుందా?
– ఒక విద్యార్థిని, వరంగల్

పేటెంట్ ఏజెంట్ పరీక్షకు సైన్సు లేదా ఇంజినీరింగ్ డిగ్రీ లేనివారికి అర్హత లేదు. కానీ అడ్వకేటుగా నమోదయ్యాక పేటెంట్ ఆఫీసు అధికారి అయిన కంట్రోలర్ ముందు విచారణలో క్లయింటు తరఫున మాట్లాడవచ్చు. ట్రేడ్‌మార్కు, కాపీరైటు, లైసెన్సు ఒప్పందాలు ఎలాగూ ఉన్నాయి. ఒప్పందాల్లో రాయల్టీ దేని మీద లెక్కిస్తారు, ఒప్పందం తెగాక మెరుగుదలలు ఎవరివి అన్న రెండు క్లాజులు బాగా రాయగలిగితే పని కొరత ఉండదు.

ప్రశ్న: కంపెనీ సెక్రటరీని. మా దగ్గర పచ్చళ్లు, స్వీట్లు చేసే సంస్థలకు బ్రాండు సలహా ఇచ్చే ప్రాక్టీసు పెడదామనుకుంటున్నా. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

మంచి చోటు ఎంచుకున్నారు. కంపెనీ సెక్రటరీలు పరీక్ష లేకుండానే ట్రేడ్‌మార్కు ఏజెంటుగా నమోదు కావచ్చు. ఆ పని ముందు చేయండి.

ట్రేడ్‌మార్కు దరఖాస్తు వస్తువుల వర్గాన్ని బట్టి, క్లాసుల వారీగా వేయాలి. ఆవకాయ, గోంగూర పచ్చళ్లు 29వ క్లాసులోకి వస్తాయి. కారప్పొడులు, మిఠాయిలు 30. దుకాణం 35, హోటలు 43. ఆన్‌లైన్‌లో క్లాసుకు 4,500 రూపాయలు వ్యక్తులకూ, స్టార్టప్‌లకూ, చిన్న సంస్థలకూ. మిగతావారికి 9,000. చిన్న సంస్థగా తక్కువ ఫీజు కట్టాలంటే చిన్న పరిశ్రమల నమోదు పత్రమైన ఉద్యమ్ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. బిల్లులో ప్రభుత్వ రుసుము, మీ రుసుము విడివిడిగా చూపించండి. కలిపి ఒకే అంకె చెప్పిన ఏజెంటుకు అభ్యంతరం వచ్చిన రోజున మళ్లీ డబ్బు అడగడం ఇబ్బంది.

ఎక్కువ నష్టం చేసే తప్పు, 20 ఏళ్లుగా వాడుతున్న పేరును ‘వాడబోతున్నాం’ అని దాఖలు చేయడం. వాడిన తేదీ చెబితే అఫిడవిట్, పాత బిల్లులు జతచేయాలి కదా అని బద్ధకిస్తారు. తర్వాత పక్క ఊరివాడు అదే పేరుతో అడ్డం తిరిగితే, ముందునుంచీ వాడుతున్నామన్న బలమైన వాదన మన దరఖాస్తే బలహీనం చేస్తుంది. కాబట్టి మొదటి సమావేశంలోనే పాత బిల్లు పుస్తకం, లేబుల్ ప్రింటింగ్ ప్రెస్ రసీదు, ఫుడ్ లైసెన్సు తెప్పించండి. అటక మీద వెతకమనండి, దొరుకుతాయి.

రెండో ప్రశ్న: పేరు ఎవరిది? నాన్న పెట్టిన అంగడి, ఇప్పుడు ఇద్దరు కొడుకులు రెండు వీధుల్లో నడుపుతుంటే, ఒకరి పేరున దరఖాస్తు వేయడమంటే రెండోవారిని కోర్టుకు పిలవడమే. ఎవరు ఏ ఊళ్లో ఏ పేరు వాడాలో ఒప్పందం రాయించి తర్వాతే దాఖలు చేయండి. ఈ ఒప్పందమే మీ అసలు సలహా, దాని రుసుము దరఖాస్తు కంటే ఎక్కువే ఉండాలి.

‘ఆవకాయ’ లాంటి మాట మీద గుత్తహక్కు రాదని ముందే చెప్పండి. బంగినపల్లి మామిడిలా భౌగోళిక గుర్తింపు ఉన్న పేరును సొంత ట్రేడ్‌మార్కు చేసుకోవడమూ కుదరదు. అలాంటి చోట అధీకృత వినియోగదారుగా నమోదు కావడమే దారి.

ట్రేడ్‌మార్కు ఆఫీసు పరిశీలన నివేదిక అందాక జవాబుకు ఒక నెల. ట్రేడ్‌మార్కు జర్నల్‌లో వచ్చాక ఎవరైనా అభ్యంతరం చెప్పడానికి నాలుగు నెలలు. అభ్యంతరం మీకు అందితే జవాబుగా కౌంటర్‌ వేయడానికి రెండు నెలలు, అది దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే. ఈ నోటీసులు ఈమెయిల్‌కే వస్తాయి. అక్కడ క్లయింటు అల్లుడి మెయిల్ ఐడీ ఇవ్వకండి, మీ ఆఫీసుది ఇచ్చి స్పామ్ ఫోల్డర్ కూడా రోజూ చూడండి.