అమ్ములూ, నీళ్ళు వెనకనుంచి వస్తాయి

అమ్ములూ, పిల్లలిద్దర్నీ తీసుకుని బీచ్‌కి వెళ్తున్నారంట కదా, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. లోతే లేదంట అక్కా, ఎంత దూరం వెళ్ళినా మోకాళ్ళ దాకే అంట, భయమేం లేదు అంది. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు నిద్ర పట్టట్లేదు. సంతోషంగా లేదని కాదు, నిన్నమొన్నటిదాకా నా వెనకాలే తిరిగిన పిల్లవి, ఇప్పుడు నీ పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని సముద్రం చూపించబోతున్నావు.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. సన్‌స్క్రీన్ ఎస్పీఎఫ్ 30కి తగ్గకుండా తీసుకో, రెండు గంటలకోసారి మళ్ళీ రాయి, తడిస్తే ఇంకా ముందే. టోపీలు, తాగే నీళ్ళు మర్చిపోకు. లైఫ్‌గార్డ్ ఉన్న చోటే దిగండి. నీలం రంగు స్విమ్ డ్రెస్ వద్దు, నీళ్ళలో కలిసిపోయి పిల్లలు కనపడరు, ఆరెంజ్ లాంటిది వెయ్యి. గాలి ఊదే రింగులు ఇంట్లోనే వదిలేసి రా, ఒడ్డు మీంచి సముద్రం వైపు గాలి తిరిగితే రింగూ పోతుంది రింగులో పిల్లా పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. నీకు నాలుగేళ్ళప్పుడు మనం ఇలాంటి బీచ్‌కే వెళ్ళాం. మీ అమ్మకి ఒంట్లో బాలేక రూమ్‌లోనే ఉండిపోయింది, నిన్నూ మా చిన్నాడినీ నేనూ మీ పెదనాన్నా తీసుకెళ్ళాం. నీళ్ళు చాలా దూరం వెనక్కెళ్ళిపోయి ఉన్నాయి, తడి ఇసుకంతా దువ్వెనతో దువ్వినట్టు గీతలు గీతలుగా ఉంది. మధ్యలో చిన్న పాయ, పాదం మునిగేంత, నువ్వు గెంతి దాటేశావు. అవతల ఇసుక దిబ్బ మీద చెప్పులు వదిలేసి గవ్వలు ఏరుతూ కూర్చున్నాం, గంట పైనే అయ్యుంటుంది. అందరం సముద్రం వైపే చూస్తున్నాం, అదేమో ఇంకా దూరంగానే ఉంది. అప్పుడు నువ్వే అన్నావు, "పెద్దమ్మా, నా చెప్పు నడుస్తోంది" అని. తిరిగి చూస్తే నీ ఎర్ర చెప్పు మనకీ ఒడ్డుకీ మధ్య నీళ్ళ మీద తేలుతూ పక్కకి పోతోంది. ఇందాకటి పాయ అది!

నాకు ఈత రాదు. మీ పెదనాన్న చిన్నాడిని ఎత్తుకుని ముందు, నిన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని నేను వెనక. మోకాళ్ళు, నడుము, మధ్యకొచ్చేసరికి గుండెల దాకా వచ్చేశాయి, పైగా నీళ్ళు పక్కకి లాగుతున్నాయి, ఎత్తిన కాలు అనుకున్న చోట పడట్లేదు. నువ్వేమో నా జుట్టు పట్టుకుని "గుర్రం, పరిగెత్తు" అని నవ్వుతున్నావు. నువ్వు భయపడి కదిల్తే ఇద్దరం పోతామని నేనూ గుర్రంలా సకిలించా. ఒడ్డున కూలబడితే "ఇంకోసారి" అన్నావు. మీ అమ్మకి చెప్పు పోయిందని మాత్రమే చెప్పాం, మిగతాది ఇప్పటికీ తెలీదు. పెద్దయ్యాక కూడా నువ్వు ఆ గుర్రం ఆట గుర్తుచేసుకుని నవ్వుతుంటే నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని, ఎందుకో నీకు ఇప్పుడు చెప్తున్నా.

లోతు లేని చోటే పోటు, అంటే సముద్రం పెరిగి ఒడ్డు వైపు రావడం, ఎక్కువ మోసం చేస్తుంది తల్లీ. ఏటవాలుగా ఉన్న బీచ్‌లో నీళ్ళు మీటరు పెరిగితే కాస్త ముందుకొస్తాయి అంతే, చదునుగా ఉన్న చోట అదే మీటరుకి వంద మీటర్లు కూడా పాకేస్తాయి. అదీ వరసగా రావు, ముందు పల్లాలు నింపుకుంటూ మన వెనక్కి చేరతాయి. ఆటు, అంటే నీళ్ళు పూర్తిగా వెనక్కి తగ్గిన దగ్గర్నుంచి, నిండు పోటుకి సుమారు ఆరు గంటలు పడుతుంది, మొదటి గంట నెమ్మదిగానే ఉంటుంది, దాన్ని చూసి మోసపోతాం, మధ్య రెండు గంటల్లోనే సగం నీళ్ళు వచ్చేస్తాయి. చాలా చోట్ల ఈ టైమ్ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి నిన్న చూసింది ఇవాళ పనికిరాదు. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో అయితే నీళ్ళు ఇంకా ఎక్కువ పెరుగుతాయి. దిబ్బల మీదకి వెళ్ళడమే వద్దంటాను, వెళ్తే మాత్రం ఆటు పూర్తయ్యేలోపే తిరిగొచ్చెయ్యండి. ఫోన్ తడవకుండా కవర్‌లో పెట్టి దగ్గరే ఉంచుకో. ఒకవేళ చిక్కుకుంటే మాలాగా నీళ్ళలో దిగకు, ఎత్తు మీదే నిలబడి సాయానికి ఫోన్ చెయ్యి, మేం దాటామంటే అది మా అదృష్టం.

ఇంకోటి, అలలు విరిగే చోట్ల మధ్యలో ఒక్కచోట నున్నగా, ముదురు రంగులో కనిపిస్తే బాగుందని దిగొద్దు, నీళ్ళు లోపలికి లాగేది అక్కడే. లాగితే ఎదురీదకుండా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి.

అల్లుడుగారు చూస్తున్నారని నువ్వు, నువ్వు చూస్తున్నావని ఆయన, అలా మాత్రం చెయ్యకండి. మునిగే పిల్లలు చాలాసార్లు అరవను కూడా అరవరు. ఎవరు చూడాలో నోటితో చెప్పుకోండి, చూసేవాళ్ళ చేతిలో ఫోన్ ఉండకూడదు. ఫొటోలు తర్వాత దిగొచ్చు, తిడుతున్నా అనుకోకు.

వెళ్ళే రోజు పోటు టైమ్ చూసుకుని నాకు మెసేజ్ పెట్టు. రూమ్‌కి తిరిగొచ్చాక పిల్లల చెప్పులు నాలుగూ వచ్చాయని ఒక్క మాట చెప్పు, ఎంత రాత్రయినా పర్లేదు.

మీ పెద్దమ్మ