సిగ్నల్ నిండుగా ఉన్నా రాత్రిపూట నెట్ ఎందుకు నడవదు?

ఇంటి ఎదురుగానే టవర్ ఉంది, ఫోన్‌లో సిగ్నల్ గీతలన్నీ ఉంటాయి, రాత్రయితే వీడియో తిరుగుతూనే ఉంటుంది, ఫోన్ మార్చాలా అని ఒకరు అడిగారు. మార్చకండి, డబ్బు దండగ. ఆ గీతలు టవర్‌కీ మీ ఫోన్‌కీ మధ్య సంగతి మాత్రమే చెబుతాయి. టవర్ నుంచి అవతలికి దారి ఎలా ఉందో వాటికి తెలియదు, అసలు రోగం చాలాసార్లు అక్కడే. ఆరేళ్లు టవర్ల మీద, ఒక టవర్‌ని ఇంకోదానితో కలిపే లింకుల పని చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

2018లో రాయచోటి వైపు ఒక పల్లె నుంచి ఇదే ఫిర్యాదు వచ్చింది. టవర్ పక్కిల్లు ఒక అవ్వది. నేను కిందికి దిగేసరికి చెంబుతో నీళ్లు పట్టుకొని నిలబడింది. "నాయనా, గీతలు నిండుగా ఉండాయి, మావాని మొగం మాత్రం ఆడ్నే బిగుసుకపోతాది" అంది. కొడుకు కువైట్‌లో డ్రైవర్. సాయంత్రం ఆరింటికి పని దిగి ఇమోలో వీడియో కాల్ చేస్తాడు. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక, అంటే ఇక్కడ ఎనిమిదిన్నర, ఊళ్లకు ఊళ్లు అన్నాలు తిని ఫోన్లు పట్టుకునే వేళ.

మధ్యాహ్నం చూస్తే అన్నీ బాగున్నాయి. ఎదుటి టవర్ వైపు డిష్ గురి సరిగ్గా ఉంది, స్పీడ్ కూడా బ్రహ్మాండంగా వస్తోంది. నాకంటే ముందు వచ్చిన ఇద్దరూ 'సమస్య లేదు' అని రాసి పోయారు. నేను మాత్రం రాత్రి దాకా అవ్వ అరుగు మీదే కూర్చున్నా. ఎనిమిదిన్నరకు ఫోన్ మోగింది, కొడుకు "అమ్మా" అన్నాడు, అలా నోరు తెరిచినట్టే ఆగిపోయాడు. ఆవిడ అద్దం మీద మసి ఉందనుకుందేమో, కొంగుతో ఫోన్ తుడిచింది. అది ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది.

అప్పుడు లింకుల మ్యాప్ తీశాను. ఫైబర్, అంటే డేటా మోసే గాజు తీగ కేబుల్, ఉన్నది హైవే పక్క టవర్‌కి ఒక్కదానికే. అక్కణ్ణుంచి గుట్ట మీది టవర్‌కి మైక్రోవేవ్ హాప్, అంటే డిష్ నుంచి డిష్‌కి గాల్లో వెళ్లే లింకు, దాన్నుంచి ఇంకో ఊరు, అక్కణ్ణుంచి అవ్వ ఊరు, ఆ తర్వాత మరో ఊరు. దారానికి పూసలు గుచ్చినట్టు నాలుగు టవర్లు ఒకదాని వెనక ఒకటి. ఒక్కోదానికి మూడు సెక్టార్లు, అంటే మూడు దిక్కులకు మూడు యాంటెన్నా భాగాలు, పది మెగాహెర్ట్జ్ 4జీలో ఒక్కో సెక్టార్ గరిష్ఠంగా 75 ఎంబీపీఎస్ దాకా ఇవ్వగలదు, పన్నెండూ కలిపితే 900. ఇదంతా దూరాల్సిన మొదటి హాప్ 180 ఎంబీపీఎస్‌ది! జనం అందులో పావు వంతు వాడినా 225, దారి చాలదు. పైగా మొదటి టవర్‌లో కరెంటు పోయి డీజిల్ కూడా అయిపోతే నాలుగూళ్లూ ఒకేసారి మూగబోతాయి.

పైవాళ్లు ఏం చేశారో తెలుసా, అవ్వ ఊరి టవర్‌కి ఇంకో యాంటెన్నా బిగించారు. గీతలు ఇంకా నిండాయి, కొడుకు మొహం అక్కడే ఆగింది. ఎనిమిది నెలలు మెయిళ్ల మీద మెయిళ్లు పెడితే చివరికి అవతలి మండల కేంద్రం నుంచి ఆఖరి ఊరికి ఫైబర్ లాగి రింగు కలిపారు, అంటే వరసకు రెండో కొస నుంచి కూడా దారి వచ్చింది. లోడ్ రెండు వైపులకీ పంచుకుంది. ఆ వారంలోనే అవ్వ ఫోన్ చేయించింది, "మావాడు గడ్డం పెంచినాడు నాయనా, ఇప్పుడు కనపడ్తాంది."

ఈ వరస పద్ధతి మీద నాకు చాలా కోపం. పంచాయతీలకు ఇంటర్నెట్ ఇచ్చే కేంద్ర పథకం భారత్‌నెట్ చూడండి, 2011లో ఆమోదించారు, మొదటి దశలో పంచాయతీలకు ఫైబర్ ఇలాగే వరసగా వేశారు. రోడ్డు పనిలో జేసీబీ ఒక్క చోట తవ్విందా, దాని వెనకున్న ఊళ్లన్నీ పోయినట్టే. దాన్ని రింగుగా మార్చే సవరించిన పథకానికి ఆమోదం 2023లో వచ్చింది. పుష్కరకాలం! ఇప్పుడు 5జీ అని కొత్త యాంటెన్నాలు పెడుతున్నారు, వెనక పాత లింకే వదిలేస్తే అది దేనికి?

మీరు తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి అదే చోట నిలబడి స్పీడ్ టెస్ట్ చేయండి. తేడా బాగా ఉంటే రెండు ఫొటోలూ పెట్టి, బ్యాక్‌హాల్, అంటే టవర్ నుంచి అవతలికి వెళ్లే దారి, చూడమని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయండి అంటే మాత్రం ఒప్పుకోకండి.