ఊరి క్యాన్సర్ గురించి రాయబోయే చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

మీ మండలంలో క్యాన్సర్ గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. మనుషుల మాట చివరిదాకా వినే ఓపిక నీకుంది. కానీ ఎంత జనాభాలో, ఎన్నేళ్ల వ్యవధిలో, ఏ వయసువారికి, ఏ అవయవానికి జబ్బు వచ్చిందో చివరి పేరా దాకా నాకు తెలియలేదు. ‘ఇంటికొకరు’ అన్న మాట కరపత్రానికి చాలునేమో గానీ వ్యాసానికి చాలదు.

2022లో దేశం మొత్తం మీద లక్షమందికి సుమారు 100 మంది చొప్పున కొత్తగా క్యాన్సర్ బారిన పడ్డారని జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ (రోగుల నమోదు పట్టిక) కార్యక్రమం అంచనా వేసింది. ఆ లెక్కన ఐదువేల జనాభా గల ఊళ్లో పదేళ్లలో యాభైమంది దాకా రోగులు కనిపించినా ఆశ్చర్యపోనక్కరలేదు. అందుచేత ఎంతమంది అన్నదానికంటే ఏ క్యాన్సర్ అన్నది ముందు అడుగు. పది రకాల క్యాన్సర్లను ఒకే మూటగా కట్టి దాన్ని పక్కనున్న ఫ్యాక్టరీ గుమ్మంలో దించడం తేలిక. ఆ ఫ్యాక్టరీ ఎప్పుడు మొదలైందో, జబ్బు ఎప్పుడు బయటపడిందో చూడకుండా ఆ పని చేస్తే, నిజంగా కాలుష్యం ఉన్నచోట కూడా రేపు నీ మాట ఎవరూ నమ్మరు.

తక్కువ అంకె కూడా మోసగించగలదు. అదే కార్యక్రమం 2012–16 నివేదికలో మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్), బీడ్ జిల్లాల్లో ఏటా కొత్తగా క్యాన్సర్ వచ్చేవారి రేటు, వయసు తేడాలు సరిచేసిన తర్వాత, లక్షమంది పురుషులకు 39.5, స్త్రీలకు 49.4 మాత్రమే, మిజోరంలోని ఐజ్వాల్ జిల్లాలో పురుషులకే అది 269.4. ఏటా చెరకు కోతకు వలసపోయే కరువు సీమ క్యాన్సర్‌కు దూరంగా ఉందని దీన్నిబట్టి రాయవచ్చా? చిన్న వయసులోనే కాన్పులు కావడం, ఎక్కువమంది పిల్లలను కనడం వల్ల పల్లె స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ కొంత తక్కువన్నది నిజమే. అయితే పరీక్ష చేయించుకోకుండా, రోగం పేరు తెలియకుండా ఇంట్లోనే కన్నుమూసినవారు ఏ రిజిస్ట్రీకీ ఎక్కరన్నదీ అంతే నిజం. ఈ రెండింటిలో ఒకటే రాస్తే సగం రాసినట్టు. ఉస్మానాబాద్ పొరుగునే ఉన్న బార్శీలో 1987లో గ్రామీణ రిజిస్ట్రీ పెట్టినప్పుడు, రోగులు ఆసుపత్రికి వచ్చేదాకా ఆగకుండా సిబ్బందే ఊరూరా తిరిగి, లక్షణాలు వివరించి, అనుమానం ఉన్నవారిని పరీక్షలకు ఒప్పించారు. అక్కడి స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరే ముందు వరుసలో ఉందని అలా తేలింది. ముందుగా పరీక్షిస్తే చాలావరకు ఆపగలిగిన జబ్బు అది!

ఇక మన ఉత్తరాంధ్ర సంగతి. నోటి క్యాన్సర్ దేశమంతటా ఉంది గానీ, ఇతర చోట్ల అరుదైన అంగిలి క్యాన్సర్ మన తీరప్రాంతంలో ఎక్కువగా కనిపించడానికి అడ్డపొగ కారణం. చుట్ట వెలిగించి నిప్పున్న కొసను నోట్లో పెట్టుకోవడం వల్ల వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణుల అంగిళ్లను పరీక్షించిన అధ్యయనం 1971లోనే అచ్చయింది. నీ వ్యాసంలో చుట్ట తాగే ముసలమ్మ ఒకరు ఉన్నారు, కానీ ఆమె ఏ కొస నోట్లో పెట్టుకుంటారో నువ్వు గమనించలేదు. వెళ్లి కూర్చుని అడుగు. సముద్రపు గాలికి ఆరిపోకుండా అని ఒకరు, చేతిలో పని ఉంటే బూడిద రాలకుండా అని మరొకరు, మా అమ్మ ఇలాగే తాగేదని ఇంకొకరు చెప్పవచ్చు. దాన్ని మూఢత్వమని రాయకు. పట్నంలో సిగరెట్ కాల్చే డాక్టర్లను నేను చాలామందినే చూశాను.

తిరగరాసే ముందు ఆశా కార్యకర్త దగ్గర జనాభా లెక్క తీసుకో. చనిపోయినవారి విషయంలో బయాప్సీ (కణజాల ముక్క పరీక్ష) కాగితం ఉన్నవాటిని, ఊరి మాటగా విన్నవాటిని విడివిడిగా రాయి. రోగుల పేర్లూ, ఇంటి గుర్తులూ పూర్తిగా తీసెయ్యి. ఆ ఇళ్లల్లో పెళ్లి కావలసిన ఆడపిల్లలున్నారు, క్యాన్సర్ ఉన్న ఇల్లని తెలిస్తే సంబంధాలు వెనక్కి పోతాయి.

ఆశీస్సులతో,
నీ పెద్దాయన