ఒక్క డాలర్ దాటినా సబ్సిడీ మొత్తం పోతుందా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటాం. మావారు హెచ్1బీ మీద చిన్న కన్సల్టింగ్ కంపెనీలో చేస్తున్నారు, వాళ్లు ఇన్సూరెన్స్ ఇవ్వరు. నాకు హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వాళ్ల భార్య/భర్తకి ఇచ్చే పని పర్మిట్) ఉంది, ఇంట్లోంచే బొటీక్ నడుపుతున్నా. పాపతో కలిపి ముగ్గురం, ఇద్దరిదీ కలిపి ఏడాదికి 1,10,000 డాలర్ల దాకా వస్తుంది. 2025 వరకు మార్కెట్‌ప్లేస్ (గవర్నమెంట్ నడిపే హెల్త్ ఇన్సూరెన్స్ వెబ్‌సైట్) ప్లాన్‌కి సబ్సిడీ వచ్చేది, 2026కి ఏమీ రాలేదు, బిల్లు చూసి కళ్లు తిరిగాయి. అప్లికేషన్‌లో ఏమైనా తప్పు నింపామా?

జవాబు: మీరేం తప్పు చెయ్యలేదమ్మా, రూలే మారింది. 2021లో కోవిడ్ టైంలో ఇన్కమ్ లిమిట్ తీసేశారు గుర్తుందా, ఎంత సంపాదించినా సరే బెంచ్‌మార్క్ సిల్వర్ ప్లాన్ (మీ ఏరియాలో సబ్సిడీ లెక్కకి కొలతగా తీసుకునే ప్లాన్) ప్రీమియం మీ ఇన్కమ్‌లో 8.5 శాతం దాటితే ఆ పైది గవర్నమెంటే భరించేది. అది 2025 డిసెంబర్‌తో అయిపోయింది, మళ్లీ పాత లెక్కే, ఫెడరల్ పావర్టీ లెవెల్‌కి (గవర్నమెంట్ పెట్టిన పేదరికపు గీతకి) నాలుగు రెట్లు దాటితే సబ్సిడీ లేదు. 2026 ప్లాన్లకి ఆ గీత ఒక్కరికైతే 62,600 డాలర్లు, ముగ్గురికి 1,06,600, నలుగురికి 1,28,600. అంటే మీరు 3,400 డాలర్ల తేడాతో అవతల పడ్డారు. గీత దాటాక కొంచెం కొంచెం తగ్గడం ఏమీ ఉండదు, ఒక్కసారే సున్నా.

కానీ మీ విషయంలో ఇంకా దారి ఉంది. వాళ్లు చూసేది చేతికొచ్చిన డబ్బు కాదు, ట్యాక్స్ రిటర్న్‌లో అడ్జస్ట్ అయ్యాక మిగిలే ఇన్కమ్. మీవారి కంపెనీలో 401కే (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) ఉంటే అందులో వేసింది తగ్గుతుంది, మీ బొటీక్ లాభంలోంచి సెప్ ఐఆర్ఏలో (సొంత వ్యాపారం వాళ్ల రిటైర్మెంట్ ఖాతా) వేస్తే అదీ తగ్గుతుంది, మీరు కట్టే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్‌లో సగం ఎలాగూ పోతుంది (చాలామంది ఇది లెక్కలోకే తీసుకోరు). ఇంకోటి, 2026 జనవరి నుంచి మార్కెట్‌ప్లేస్ బ్రాంజ్ ప్లాన్లు (ప్రీమియం తక్కువ, వైద్యం ఖర్చులో మన వాటా ఎక్కువ ఉండేవి) తీసుకున్నవాళ్లు కూడా హెచ్ఎస్ఏ (వైద్య ఖర్చుల కోసం పొదుపు ఖాతా) తెరుచుకోవచ్చు, అందులో వేసిందీ ఇన్కమ్‌లోంచి పోతుంది. మీరు ఫుల్ ప్రీమియం కడుతున్నా సరే ప్లాన్ మార్కెట్‌ప్లేస్‌లోనే కొనుంటే చాలు, ఏడాది చివరికి గీత లోపలికి వస్తే ఆ సబ్సిడీ అంతా ట్యాక్స్ క్రెడిట్‌గా ఫైల్ చేసేప్పుడు తీసుకోవచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర డైరెక్టుగా కొన్న ప్లాన్‌కి మాత్రం ఇది రాదు.

అలా అని ఇప్పుడే తక్కువ ఇన్కమ్ చూపించి సబ్సిడీని నెలనెలా అడ్వాన్స్‌గా తీసుకోవడం నాకైతే ఇష్టం లేదు. ఇదివరకు ఇన్కమ్ ఎస్టిమేట్ తప్పినా తిరిగి కట్టేదానికి తక్కువ ఇన్కమ్ వాళ్లకి ఒక లిమిట్ ఉండేది, 2026 నుంచి అది కూడా ఎత్తేశారు. ఏడాదంతా తీసుకుని చివర్లో మీవారికి బోనస్ వచ్చి గీత దాటారనుకోండి, మొత్తం వెనక్కి కట్టాలి.

చెప్పాలంటే బాధగానే ఉంది కానీ చెప్పక తప్పదు, 2027 నుంచి హెచ్1బీ, హెచ్4 వాళ్లకి ఇన్కమ్ ఎంతున్నా సబ్సిడీ ఉండదు. ప్లాన్ కొనుక్కోవచ్చు, ఫుల్ రేటు కట్టాలి. గ్రీన్ కార్డ్ వాళ్లకి ఈ మార్పు లేదు. కాబట్టి మీవారు ఈసారి ప్రాజెక్ట్ మారేటప్పుడు గంటకి రేటు ఎంతని మాత్రమే కాకుండా ఇన్సూరెన్స్ ఇస్తారా అని కూడా అడగమనండి.

ప్రశ్న: న్యూజెర్సీలో రెస్టారెంట్ నడుపుతున్నానండి, ఎనిమిది మంది స్టాఫ్. ఇన్సూరెన్స్ ఇవ్వకపోతే పెనాల్టీ పడుతుందని ఒకాయన భయపెట్టాడు. గ్రూప్ ప్లాన్ పెట్టాలా?

జవాబు: ఆయన మాట పక్కన పెట్టండి. ఆ పెనాల్టీ ఫుల్ టైం లెక్కన 50 మంది లేదా అంతకంటే ఎక్కువ స్టాఫ్ ఉన్నవాళ్లకే, మీ జోలికి రాదు. అసలు పెట్టే ముందు మీ స్టాఫ్‌ని కూర్చోబెట్టి అడగండి, తక్కువ జీతం వాళ్లకి ఇప్పటికే మార్కెట్‌ప్లేస్‌లో సబ్సిడీతో చవగ్గా ప్లాన్ ఉండి ఉండొచ్చు. మీరు గ్రూప్ ప్లాన్ ఇస్తే, వాళ్ల వాటా 2026లో ఇంటి ఇన్కమ్‌లో 9.96 శాతం లోపు ఉంటే చాలు, చేరినా చేరకపోయినా వాళ్ల సబ్సిడీ పోతుంది. మంచి చెయ్యబోతే చెడు ఎదురయినట్టు అవుతుంది.

పెట్టాలనే ఉంటే, స్మాల్ బిజినెస్ ట్యాక్స్ క్రెడిట్ గురించి మీ అకౌంటెంట్‌ని అడగండి. 25 మంది కంటే తక్కువ ఉండాలి, ప్రీమియంలో కనీసం సగం మీరు కట్టాలి, షాప్ (SHOP) అనే చిన్న బిజినెస్‌ల ఇన్సూరెన్స్ మార్కెట్ ద్వారా తీసుకోవాలి, అప్పుడు మీరు కట్టిన దాంట్లో 50 శాతం దాకా రెండేళ్ల పాటు వస్తుంది, జీతాలు పెరిగేకొద్దీ తగ్గుతుంది. మీరూ మీ ఇంటివాళ్లూ ఆ లెక్కలోకి రారు. ఇంతమంది చేరితేనే ఇస్తామని ఇన్సూరెన్స్ వాళ్లు మెలిక పెడితే నవంబర్ 15 నుంచి డిసెంబర్ 15 లోపు వెళ్లండి, ఆ నెల రోజులు చిన్న బిజినెస్‌లకి ఆ కండిషన్ పెట్టకూడదు.

ప్రశ్న: మా అబ్బాయికి ఆగస్టులో 26 నిండుతాయి, ఇంకా ఉద్యోగం రాలేదు. నా ఆఫీస్ ప్లాన్‌లోంచి ఎప్పుడు తీసేస్తారు?

జవాబు: చాలా ఆఫీసు ప్లాన్లలో ఆ నెలాఖరుకి, కొన్నింట్లో పుట్టినరోజు నాడే, హెచ్ఆర్‌ని ఈ వారమే అడగండి. కవరేజ్ పోయే ముందు 60 రోజులు, పోయాక 60 రోజులు మార్కెట్‌ప్లేస్‌లో చేరే అవకాశం ఉంటుంది. జూలైలోనే చేయించేస్తే మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ రాదు.